ఎలుకబోనులో పడిన కిటికీ

ఒరేయ్ సుబ్బూ,

జవాబు రెండు నెలలు ఆలస్యమైంది, తిట్టుకో. రాస్తే నీకు పనికొచ్చే సంగతి రాయాలని ఆగాను. మొన్న ఆదివారం దొరికింది.

ఇక్కడ ఇంగ్లండ్‌లో పాతకాలపు క్రైస్తవ మఠాల్ని అబ్బే అంటారు. పొద్దున్నే చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ "ఎక్కడికి?" అంది. "అబ్బే" అన్నాను. "ఏం లేదా, అయితే సంచి పట్టుకెళ్లు, కూరలు తెద్దువు" అంది. అలా కూరల సంచితోనే విల్ట్‌షైర్‌లో ఉన్న లేకాక్ అబ్బే చూసొచ్చాను.

దాన్ని 1232లో మొదలుపెట్టించింది ఈలా అని, సాల్స్‌బరీ జమీందారిణి. మొగుడు 1226లో పోయాడు. మళ్లీ పెళ్లి మాట ఎత్తకుండా సన్యాసినులకి మఠం కట్టించి, చివరికి తనూ అందులోనే చేరి ఆ మఠానికి పెద్ద అయింది. కింద చలి కాచుకునే గదిలో ఒక కంచు గంగాళం ఉందిరా, 1500లో పోత పోసింది. మీ అక్క పెళ్లిలో పులుసు కాచిన గంగాళం గుర్తొచ్చింది. అంచు మీద చెయ్యి వెయ్యబోతే అక్కడ కూర్చున్న పెద్దావిడ కళ్లతోనే వద్దంది.

ఇక్కడి రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు, 1539లో, దీని వంతూ వచ్చింది. మరుసటేడు 783 పౌండ్లకి విలియం షారింగ్టన్ అనేవాడు కొన్నాడు. చర్చిని కూలగొట్టించాడు కానీ, నడవాలూ వాటి చుట్టూ ఉన్న గదులూ అలాగే ఉంచి, ఆ పైనే ఇల్లు లేపాడు. సన్యాసినులు జపం చేసుకుంటూ నడిచిన రాతి నడవా కింద, దొరగారి కాపురం పైన! డబ్బూ దస్కం దాచుకోవడానికి మూలన ఎనిమిది పలకల బురుజొకటి.

ఆ డబ్బు సంగతి చెప్తే నవ్వుతావు. ఆయన బ్రిస్టల్ టంకశాలలో పెద్ద ఉద్యోగి. నాణేల్లో వెండి నొక్కేసి, లెక్కలు తారుమారు చేసి 1549లో దొరికిపోయాడు. ఇందులో భాగమున్న థామస్ సీమోర్‌కి, అప్పటి కుర్ర రాజుకి మేనమామే, తల తెగింది. ఈయన మాత్రం అన్నీ ఒప్పేసుకుని క్షమాపణ సంపాదించి, జప్తయిన ఆస్తి డబ్బు కట్టి మళ్లీ విడిపించుకున్నాడు. ఆనక అదే జిల్లాకి షెరీఫ్, అంటే రాజు తరఫు అధికారి, కూడా అయ్యాడు! మన తాలూకాఫీసు వాళ్లు ఈయన ముందు పసిపిల్లలు. కానీ ఒకటి చెప్పాలి. ఈ దేశంలో చాలా మఠాలు రాళ్లకోసం పీక్కుపోతే మొండిగోడలయ్యాయి. ఈ దొంగ కాపురం పెట్టాడు కాబట్టే ఆ నడవా ఇంకా నిలబడుంది. నాకైతే ఈయన మీద కోపం రాలేదు.

ఆయనకి పిల్లల్లేరు. తమ్ముడి కూతురు ఆలివ్ ద్వారా ఇల్లు టాల్బోట్ వంశానికి వెళ్లింది. ఆ పిల్ల ప్రేమించినవాడి కోసం మేడ మీంచి దూకిందనీ, పరికిణీల్లో గాలి నిండి బతికిందనీ కథ చెప్తారు, నమ్మితే నమ్ము.

ఇక అసలు సంగతి. ఆ వంశంలోని హెన్రీ ఫాక్స్ టాల్బోట్, 1835 ఆగస్టులో, ఈ ఇంటి కిటికీకి ఎదురుగా చిన్న చెక్క కెమెరా పెట్టి, ఉప్పూ వెండీ పూసిన కాగితం మీద దాని నీడ పట్టాడు. ప్రపంచంలో ఇప్పటిదాకా మిగిలినవాటిలో అన్నిటికన్నా పాత ఫోటో నెగెటివ్ అదే! పోస్టల్ స్టాంపంత ఉంటుంది. భూతద్దం పెడితే కిటికీ గాజు పలకలు దాదాపు 200 లెక్కపెట్టొచ్చని పక్కన ఆయనే రాసుకున్నాడు. ఇంట్లో ఎక్కడపడితే అక్కడ ఆ చెక్కపెట్టెలు చూసి వాళ్లావిడ వాటికి ఎలుకబోన్లని పేరు పెట్టింది.

నేనా కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పగటి వెలుతురు తెల్లగా పడుతోంది. ఆయన కాగితంలో అదే వెలుతురు నల్లగా ఉంటుంది కదా. చిన్నప్పుడు మీ నాన్నగారి స్టూడియోలో నెగెటివ్‌లు బల్బుకి అడ్డం పెట్టి, పెళ్లికూతుళ్ల నల్లటి పళ్లు చూసి పడీపడీ నవ్వేవాళ్లం, గుర్తుందా?

ఆ నెగెటివ్‌లున్న రేకు డబ్బా ఇంకా అటక మీదే ఉందా? వానలు ముదరకముందే దించి చెమ్మ లేనిచోట పెట్టు. ఎలుకలు కొట్టేసి ఉంటే మాత్రం నాకు రాయకు.

అన్నట్టు, కూరలు తేవడం మర్చిపోయాను.

నీ
రాంబాబు