పంటు మీద కలిసిన అన్నయ్యకు వందనాలు

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పెద్ద పడవ, అదే పంటు మీద మా తమ్ముడితో మాట్లాడిన అన్నయ్యా, మీ పేరైనా వాడు అడగలేదు. బాప్తిస్మం తీసుకున్నా తాగుడు పోవడం లేదని కుమిలిపోతున్న రోజులవి. మీరు తిట్టలేదు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు ఉత్తరంగా రాసిన పత్రిక నాలుగో అధ్యాయం తీసి, 22 నుంచి 24 వరకు వాడిచేతే చదివించారట. పాత స్వభావం వదలమనడంతో పౌలు ఆగడు, మనసు కొత్తదై కొత్త స్వభావం తొడుక్కోమంటాడు. ఆపైన 28వ వచనం: దొంగిలించినవాడు మానేస్తే చాలదు, కష్టపడి అక్కరలో ఉన్నవాళ్లకు పెట్టాలి. మా వాణ్ణి పట్టుకున్నది అదే. ఇప్పుడు కొబ్బరి దింపు కూలి డబ్బులు సాయంత్రానికి అమ్మ చేతికొస్తున్నాయి. ఆదివారం అందరికంటే ముందెళ్లి మందిరంలో చాపలు పరుస్తున్నాడు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అన్నయ్యా. రాజోలు వైపు వస్తే మా ఇంట్లో భోజనం చేసి వెళ్లండి.