మసాయి మారాలో మమ్మల్ని చూసుకున్న అందరికీ కృతజ్ఞతలు

నవంబరు చిరువానల్లో, కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం తలెక్ గేటు బయట టెంట్ల లాడ్జిలో నాలుగు రాత్రులుండి క్షేమంగా ఇల్లు చేరాం. ఎవరి సాయం ఎక్కడ పనికొచ్చిందో చెప్పి మరీ దణ్ణం పెట్టాలనిపించింది.

ముందు నైరోబీ తెలుగువాళ్లకు. ఎల్లో ఫీవర్ టీకా గుర్తుచేసింది మీరే. సర్టిఫికెట్ చెల్లేది టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే. అది లేకుండా కెన్యా నుంచి ఇండియాలో దిగితే 6 రోజుల దాకా క్వారంటైన్. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకు వెళ్లే చిన్న విమానాల్లో మనిషికి సామాను 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే అన్నదీ మీరే.

డ్రైవర్ అన్న రుణం తీరేది కాదు. మారా నేల చాలాచోట్ల మన నల్లరేగడే. వాన పడితే టైరు గాడుల్లో మట్టి నిండి చక్రం నున్నబడుతుంది. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఆయన తొక్కలేదు. చుట్టూ బైనాక్యులర్స్‌తో చూసి, ఏ జంతువూ లేదని తేల్చుకున్నాకే మమ్మల్ని దించి ఒకేచోట గుంపుగా నిలబెట్టారు. పారతో చక్రాల ముందు బురద తోడారు. జాకీ కింద చెక్క పలక వేశారు. పలక లేకపోతే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది. లేచిన చక్రం కింద రాళ్లు కూరి, టైర్లలో కొంత గాలి తీసి, నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్‌వీల్ డ్రైవ్‌లో, తక్కువ వేగం గేరులో మెల్లగా బయటికి తెచ్చారు. గట్టి నేల మీదికి రాగానే మళ్లీ గాలి కొట్టారు.

రాత్రి కాపలా అస్కరీలకు అసాంతే సానా (స్వాహిలీలో చాలా థాంక్స్). నీటిగుర్రాలు చీకటి పడ్డాక మేతకు గట్టెక్కుతాయి. వాటికీ నీటికీ మధ్య మనిషి పడితే మీదికొస్తాయి. అందుకే టెంటు నాలుగడుగుల దూరమైనా ఒంటరిగా పోనివ్వలేదు. టెంటు జిప్పు రెండు కొసలూ కలిపి క్లిప్పు పెట్టడం నేర్పిందీ వాళ్లే, కోతులు జిప్పు తీసేస్తాయి మరి.

వంటాయన తెల్లవారుజామునే లేచి చపాతీలు (అక్కడా ఆ పేరే), బంగాళాదుంప కూర స్టీలు డబ్బాల్లో సర్దేవారు. జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు మారా ప్రవేశ టికెట్ రోజుకు 200 డాలర్లు, చెల్లేది పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే. టిఫినుకు లాడ్జికి తిరిగొస్తే ఆ గంటలు పోయినట్టే. మాంసం ముట్టని పెద్దావిడ కోసం పెనం కూడా విడిగా పెట్టారు.

వెళ్లబోయేవాళ్లకు ఒక మాట. డ్రైవర్‌కు టిప్పు చేతికే ఇస్తాం. వంటవాళ్లు, అస్కరీలు చివరి రోజు ఎదురుపడరు. వాళ్ల వాటా రిసెప్షన్ దగ్గరి డబ్బాలో వేయాలి, మర్చిపోకండి.