తుంగకీ గడ్డికీ ఒకే మందు రాయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ తోటపని పేజీలో ఇంటి ముందు పచ్చికలో మొలిచే కలుపు గురించి వచ్చిన వ్యాసం చదివాను. చదవగానే ఒకింత కోపం, తర్వాత నవ్వు వచ్చాయి. ఎందుకంటే అందులో ఉన్న సలహా అంతా ఒక్క ముక్కే: కలుపు కనబడగానే వేళ్లతో సహా పీకేయండి. సరిగ్గా ఈ మాటే నమ్మి నేను రెండేళ్లు రోజూ పొద్దున్నే పచ్చికలో కూర్చుని పీకాను. మొదట్లో గోడ వారగా నాలుగు మొక్కలున్నాయి. రెండేళ్ల తర్వాత చూస్తే లాన్‌లో సగం అదే. అది తుంగ అని, దాన్ని మనం మామూలుగా పీకే పద్ధతిలో పీకితే పెరుగుతుందే తప్ప తగ్గదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అసలు తుంగ గడ్డి కాదండీ. చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది కాబట్టి తుంగగడ్డి అంటాం గానీ దాని కుటుంబమే వేరు. పూకాడ ఒకటి తెంపి రెండు వేళ్ల మధ్య పెట్టి దొర్లించి చూడండి. గడ్డి కాడ అయితే చాలావరకు గుండ్రంగా జారిపోతుంది, మధ్యలో కణుపులు తగులుతాయి. తుంగ కాడ దొర్లదు, మూడు పలకలుగా ఉండి వేలికి అంచులు తగులుతాయి, కణుపులు ఉండవు, లోపల గట్టిగా ఉంటుంది. పై నుంచి చూస్తే ఆకులు మూడు దిక్కులకు వచ్చి ఉంటాయి, గడ్డికైతే రెండు వైపులకే వస్తాయి. ఇంకా తేలికైన గుర్తు కావాలంటే, లాన్ కోసిన మూడు నాలుగు రోజులకు వెళ్లి చూడండి, మిగతా గడ్డి కంటే ముందే తలెత్తి, మెరుస్తూ నిలబడేది చాలాసార్లు తుంగే. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. ఆ అర నిమిషం పెట్టకపోవడం వల్ల నాకు రెండేళ్లు పోయాయి.

ఎందుకు పెరుగుతుందంటే, ఆకు పట్టుకుని లాగితే నేల దగ్గర పుటుక్కున తెగుతుంది, దుంప లోపలే ఉండిపోతుంది. అదొక్కటే కాదు, సన్నటి తీగలతో ఒక దుంపకు ఇంకో దుంప గొలుసులా కలిసి ఉంటుంది. గొలుసు చివరి దుంప మొలుస్తున్నంత కాలం మిగతావాటిలో చాలా వరకు నిద్రలో ఉంటాయి. మనం లాగి ఆ గొలుసును తెంపగానే పడుకున్నవి లేస్తాయి. రక్తబీజుడి కథ అన్నమాట. నేను ఒకటి పీకి రెండు మొలిపించుకుంటూ, ఎంత శ్రద్ధగా కలుపు తీస్తున్నానో అని మురిసిపోయేవాణ్ణి.

కాబట్టి పీకకూడదా అంటే, పీకాలి, కానీ తవ్వి పీకాలి. నేల తడిగా ఉన్నప్పుడు చిన్న గునపంతో మొక్కకు జానెడు దూరంలో దించి, మట్టిని పెళ్లగించి, వేలితో తీగ వెంబడి పోతూ దుంపలు ఏరాలి. దుంపల్లో ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి, అది మన అదృష్టం. మొలక లేత వయసులో, నాలుగైదు ఆకులు రాకముందే పట్టుకోవాలి, ఎందుకంటే నెలా నెలన్నరలో అది కొత్త దుంపలు కట్టడం మొదలుపెడుతుంది. ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు. రెండు మూడు వారాలకోసారి, వరసగా రెండు సీజన్లు పట్టు వదలకుండా చేస్తే దుంపలో దాచుకున్న బలం తగ్గిపోతుంది. నడుం నొప్పి వస్తుంది, ఆ మాటా రాయండి. ఏరిన దుంపల్ని మాత్రం ఎరువు గుంతలో వేయకండి, బండ మీద ఎండలో పరిచి గలగలమనేదాకా ఎండనివ్వండి. నేను ఎరువులో వేసి, ఆ ఎరువునే పూల మడుల్లో చల్లి, తుంగను ఇల్లంతా నేనే నాటుకున్నాను.

దీని గురించి నాకున్న కొద్దిపాటి ఊరట ఏంటంటే, ఓడిపోయింది నేనొక్కణ్ణే కాదు. 1977లో కలుపు శాస్త్రవేత్తలు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే కలుపు మొక్కల జాబితా వేస్తే మొదటి స్థానం తుంగదే. రెండోది గరిక. మూడు, నాలుగు స్థానాల్లో ఊద రకాలు రెండు, ఐదోది రాగి మొక్కకు దగ్గరి చుట్టమైన ఒక అడవి గడ్డి. ఈ ఐదూ నా పచ్చికలో ఉన్నాయి. మా ఇంట్లోవాళ్లు దీన్ని మ్యూజియం అంటారు.

మీ వ్యాసానికి న్యాయం చేయాలి కాబట్టి ఇదీ చెప్తాను, పీకమన్న సలహా కొన్నిటికి అక్షరాలా సరైనదే. ఆ ఐదో గడ్డి, అంటే రాగి చుట్టం, ఏటా గింజ నుంచి మొలిచి ఒక్క సీజన్‌లో జీవితం ముగించేసుకునే రకం. దుబ్బు మొదలు నేలకు అదిమినట్టు చపటగా, వెండి తెలుపులో ఉండి, బండి చక్రం ఆకుల్లా చుట్టూ పరుచుకుంటుంది. కంకి చూస్తే రాగి కంకి బక్కచిక్కినట్టు ఉంటుంది. ఊద అయితే దుబ్బు మొదలు దగ్గర ఎర్రగానో ఊదాగానో ఉంటుంది, దానికి ఇంకో మంచి గుర్తుంది: మామూలుగా గడ్డి ఆకు కాడను చుట్టుకునే మలుపులో చిన్న పొరో, నూగు వెంట్రుకలో కనిపిస్తాయి, ఊదకు అక్కడ ఏమీ ఉండదు, బోడిగా ఉంటుంది. భూతద్దం ఉంటే సరదాగా కూడా ఉంటుంది ఈ పని. ఇలాంటి ఏడాది గడ్డిని గింజ కట్టకముందు మొదలుతో లాగేస్తే కథ అయిపోయినట్టే. గింజ రాలిందో, ఒక్కో మొక్క నుంచి వేలల్లో నేలలో పడి ఏళ్ల తరబడి విడతలు విడతలుగా మొలుస్తాయి. అంటే ఇక్కడ పీకడమా మానడమా అనేది ప్రశ్న కాదు, ఎప్పుడు పీకామన్నదే.

గరికది వేరే గోల. అదే మన లాన్ అయితే బంగారం, వేరే రకం లాన్‌లోకి చొరబడితే శత్రువు. నేల మీద పాకే తీగలూ ఉంటాయి, నేల లోపల పాకే కాండమూ ఉంటుంది, కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. పైన తీగ లాగి సంబరపడితే లోపలిది నవ్వుకుంటుంది. గరికా, మన లాన్ రకమూ రెండూ గడ్డే కాబట్టి ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని వదిలే మందు దొరకడం కష్టం. చిన్న మచ్చగా ఉన్నప్పుడే చుట్టూ ఒక జానెడు ఎక్కువ కలిపి ముద్దగా తవ్వి తీసేయడం మంచిది. దర్భ అనే ఇంకో కలుపు గడ్డి జోలికి నేను పోను, నాకు తగల్లేదు. కాకపోతే ఆకు మధ్య తెల్ల ఈనె సరిగ్గా నడుమ కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటే, నేలలోని కాండం కొన సూదిలా పొడుచుకుంటే అదేనని తెలుసుకోండి.

మందుల గురించి మీ వ్యాసంలో ఒక వాక్యమే ఉంది, 'తగిన కలుపు మందు కొట్టండి' అని. ఆ తగినది ఏదో తెలియకే కదా జనం మునిగేది! నేను విసుగెత్తి గ్లైఫోసేట్ కొట్టాను. అది పచ్చగా ఉన్నదాన్నల్లా చంపుతుంది, దానికి లాన్ అనీ కలుపు అనీ తేడా లేదు. మంచం పట్టేంత జాగాలో గడ్డంతా మాడిపోయింది, ఆ ఖాళీ మట్టిలో మొట్టమొదట లేచింది ఎవరనుకున్నారు, తుంగే, నిద్రపోతున్న దుంపల దాకా మందు చేరలేదు మరి. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. 2,4-డి అనేది వెడల్పాకు కలుపు కోసం, దాన్ని గడ్డి మీద కొట్టి ఫలితం కోసం చూడ్డం దండగ. పెండిమిథాలిన్ లాంటివి గింజ మొలకెత్తేటప్పుడు ఆపుతాయి, అప్పటికే లేచిన దుబ్బునీ దుంపనీ ఏమీ చేయవు, పైగా మీరు కొత్తగా చల్లిన లాన్ గింజల్ని కూడా మొలవనివ్వవు. తుంగ కోసమైతే హాలోసల్ఫ్యూరాన్ అనే మందుంది, చాలా రకాల లాన్ గడ్డిని వదిలి తుంగను పట్టుకుంటుంది, కానీ నెమ్మది, వారం పది రోజులకు పసుపెక్కడం మొదలవుతుంది, మళ్లీ ఇంకోసారి కొట్టాల్సి రావచ్చు. ఏది వాడినా లేబుల్ మీద మన లాన్ రకం పేరు ఉందో లేదో చూసుకుని, రాసిన మోతాదుకు చుక్క మించకుండా, చేతికి తొడుగులు వేసుకుని కొట్టాలి. ఎక్కువ పోస్తే త్వరగా చస్తుందనుకుంటారు చాలామంది, ముందు చచ్చేది మన లాన్.

ఇంకో సంగతి, నాకు ఆలస్యంగా తెలిసింది. కలుపు ఎక్కడ మొలుస్తుందో చూస్తే అక్కడి నేల జబ్బు తెలుస్తుంది. రాగి చుట్టం లేచేది మనం రోజూ నడిచి గట్టిపడిన దారి వెంట. నా లాన్‌లో తుంగ చిక్కగా ఉన్నది కొళాయి కారే మూల. కొళాయి వాషర్ మార్చి, రోజూ చిలకరించే అలవాటు మాని మూడు నాలుగు రోజులకోసారి లోతుగా తడపడం మొదలుపెట్టాక ఆ మూల బాగా పలచబడింది. తుంగకు నీడ కూడా సరిపడదు. లాన్‌ను గుండు గీసినట్టు కోసేవాణ్ణి, ఇప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి కోయడం లేదు. గడ్డి కాస్త గుబురుగా ఉంటే కింద మట్టికి ఎండ తగలదు, కొత్త మొలక తక్కువ.

చివరగా మీకో విన్నపం. వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో లాన్ మొత్తం దూరం నుంచి పచ్చగా కనిపించింది, అందంగానే ఉంది గానీ అందులో ఏది కలుపో ఎవరికీ తెలియదు. ఈసారి ఒక్కో మొక్కను దుంపతో, వేరుతో సహా తవ్వి, కడిగి, తెల్ల కాగితం మీద పరిచి తీసిన ఫొటోలు వేయండి. మొదలు, కణుపు, ఆకు మలుపు దగ్గర నుంచి కనబడాలి. కావాలంటే ఐదు రకాలూ నేను పంపుతాను, నా దగ్గర కొరత లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు