వంతెనా, బైపాసా? ముందు ఆ లెక్క అచ్చువేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పట్టణానికి రెండో వంతెన ముందు కావాలా, బైపాస్ ముందు కావాలా అని కొన్ని వారాలుగా మీ లేఖల పేజీలో సాగుతున్న వాదన చదువుతున్నాను. రెండు పక్షాలూ రద్దీ గురించే రాస్తున్నాయి. ఆ రద్దీలో చిక్కుకున్నవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రోడ్డు పక్కన కూర్చుని బండ్లు లెక్కపెట్టినవాణ్ని. అందుకేనేమో, ఈ లోటు నా కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

మా పనిలో లెక్కలు రెండు రకాలు. వంతెన మొదట్లో కూర్చుని కారుకో గీత, లారీకో గీత గీయడం ఒకటి. అది తేలిక. బండి ఆపి, ఎక్కడ బయల్దేరారు, ఎక్కడికి వెళ్తున్నారు అని అడగడం రెండోది. ఎండలో, హారన్ల మధ్య, తిట్లు తింటూ చేయాలి. అందుకే చాలాసార్లు మొదటిదానితోనే సరిపెట్టేస్తారు. బైపాస్ పనికొస్తుందో లేదో తేల్చేది మాత్రం రెండోదే. వంతెన మీద రోజుకు 20 వేల బండ్లు పోతున్నాయనుకుందాం. అందులో ఊళ్లో ఆగకుండా దాటిపోయేవి 3 వేలే అయితే, ఎంత గొప్ప బైపాస్ వేసినా మిగతా 17 వేలు ఇక్కడే తిరుగుతాయి. దాటిపోయేవే 12 వేలుంటే బైపాస్‌ను మించిన మందు లేదు. ఈ ఒక్క అంకె తెలియకుండా ఇన్ని వారాలు ఎలా వాదించుకున్నామో!

వంతెన పక్షంవారికీ ఒక మాట. బండ్లు ఆగిపోవడానికి కారణం చాలాసార్లు వంతెన మీద ఉండదు, వంతెన దిగిన చోట ఉంటుంది. అడ్డు లేకుండా సాగే ఒక లేన్‌లో గంటకు సుమారు 1,800 కార్లు పోగలవు. దాని చివర సిగ్నల్ సగం సేపే పచ్చగా ఉంటే 900 దాటవు. రెండో వంతెనను కూడా తెచ్చి అదే కూడలిలో దింపితే, ఇప్పుడు ఒక క్యూలో నిలబడేవాళ్లం అప్పుడు రెండు క్యూల్లో నిలబడతాం. ప్రాజెక్టు బొమ్మల్లో కొత్త వంతెన ఎప్పుడూ ఖాళీగా, తళతళలాడుతూ ఉంటుంది. బొమ్మ సరిగ్గా కూడలి రాబోయే ముందు ఆగిపోతుంది.

బైపాస్‌కూ ఒక జబ్బు ఉంది. వేసిన కొత్తలో బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత దాని పక్కనే దుకాణాలకు, ఇళ్లకు, వాటి గేట్లకు అనుమతులిచ్చుకుంటూ పోతే కొన్నేళ్లకు అదీ ఒక బజారు వీధే అవుతుంది. ఇంకో బైపాస్ అడగాల్సి వస్తుంది. అలైన్‌మెంట్ ఏ పొలాల మీదుగా పోతుందో అందరికంటే ముందు తెలిసేది ఎవరికో నేను రాయనక్కర్లేదు. రోడ్డు వెడల్పు చేస్తే చాలనేవారు అమెరికాలోని హ్యూస్టన్ నగరం వైపు చూడాలి. అక్కడ కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని 2008 నాటికి, పక్క రోడ్లతో కలిపి, కొన్నిచోట్ల 26 లేన్ల దాకా పెంచారు. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది.

ఇక ఖర్చు. ఒకటి ఇంకోదానికన్నా పదో వంతు చవక కాబట్టి దానికే ఓటేయాలని ఒకరు రాశారు. 258 రవాణా ప్రాజెక్టుల మీద డెన్మార్క్ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రతి పదింటిలో తొమ్మిది అంచనా దాటాయి. సగటున రోడ్ల ఖర్చు 20 శాతం, వంతెనలు, సొరంగాల ఖర్చు 34 శాతం పెరిగింది. అంచనాలే ఇంతగా కదులుతుంటే పదో వంతు తేడా చూసి నిర్ణయం తీసుకోలేం.

ఈ గొడవలో పాత వంతెనను అందరూ మర్చిపోయారు. ఏది కట్టినా, అది పూర్తయ్యేదాకా బరువంతా మోసేది అదే. వరద నీరు స్తంభాల పునాది కింద మట్టిని కోసుకుపోతుంటే పైన నడిచేవాళ్లకు ఏమీ తెలియదు. 1987 ఏప్రిల్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహారీ వాగు మీది వంతెన అలాగే కూలి 10 మంది చనిపోయారు. కాబట్టి రెండు ప్రాజెక్టుల్లో దేనికి నిధులు కేటాయించినా, నీటి అడుగున పాత పునాదుల తనిఖీకి కూడా అందులోనే డబ్బు చూపించాలి.

మీ పత్రిక రెండు ప్రాజెక్టుల బొమ్మలూ మొదటి పేజీలో రంగుల్లో వేసింది. బండ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో చెప్పే సర్వే పట్టికను అధికారులను అడిగి తీసుకుని, అదే పేజీలో వేయండి. అలాంటి సర్వే జరగకపోతే, జరగలేదనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు