ఔలి క్షేమంగా వెళ్ళొచ్చాం, కంచరపాలెం బాబాయ్ గారి పుణ్యమా అని

నిన్న అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాం. సామాన్లు హాల్లోనే పడున్నాయి. నడుము నిలబడటం లేదు, కళ్ళు మూస్తే ఇంకా రోడ్డే కదులుతోంది. అయినా ఈ నాలుగు ముక్కలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. రేపటి నుంచి మళ్ళీ ఆఫీసు, పాప స్కూలు. ఆ హడావిడిలో పడితే ఇప్పుడు మనసులో ఉన్నది ఉన్నట్టు రాయలేను.

తెలియనివాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. మా పాపకు మంచులో స్కీయింగ్ నేర్చుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. మనాలి దగ్గరి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచిందనీ, అంతర్జాతీయ స్కీయింగ్ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకమనీ ఎక్కడో చదివింది. అప్పటి నుంచి అదే మాట. మా వారికేమో సొంత కారులో హిమాలయాల దాకా వెళ్ళాలని ఆశ. రెండూ కలిసొచ్చేలా ఉత్తరాఖండ్‌లోని ఔలి అనుకున్నాం. జోషీమఠ్ పైన సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ చలికాలంలో స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. విశాఖ నుంచి రోడ్డు మీద రెండు వేల కిలోమీటర్ల పైమాటే.

మనకు చలి అంటే లంబసింగి. తెల్లారగట్ల వెళ్ళి, పొగమంచు చూసి, వేడి టీ తాగి దిగి వచ్చేస్తాం. రాత్రంతా మంచులో బండి నిలబెడితే ఏమవుతుందో ఇక్కడ అడుగుదామంటే చెప్పే మనిషి లేడు. వీడియోలు చూస్తే ఒకాయన చెప్పింది ఇంకొకాయన కాదంటాడు. చక్రాలకు కట్టే మంచు గొలుసులు దొరుకుతాయేమోనని గాజువాక ఆటోనగర్‌లో విడిభాగాల కొట్లన్నీ తిరిగాం. అక్కడే ఒక కొట్టు ముందు ఈ బాబాయ్ గారు కనిపించారు. వాళ్ళబ్బాయి ట్రాలీ ఆటోకి క్లచ్ వైరు కొనడానికి వచ్చారట. మేం కొట్టతన్ని గొలుసుల గురించి అడుగుతుంటే విని, "ఎక్కడికమ్మా ఎల్తన్నారు?" అన్నారు. ఔలి అని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. "బానెట్ ఎత్తండి ఓసారి" అన్నారు.

కూలెంట్ డబ్బా మూత తీసి వేలు ముంచారు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రాసి చూశారు. రంగు లేదు, జిడ్డు లేదు. "ఏటమ్మా, ఇందులో నీల్లు పోసేసినారేటి?" అన్నారు. నా గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ ముందు వారమే బాగా పేరున్న సర్వీస్ సెంటర్‌లో ప్రయాణం సంగతి చెప్పి మరీ బండి ఇచ్చాం. బిల్లులో కూలెంట్ అని రాసి డబ్బు తీసుకున్నారు. ఉత్త నీళ్ళయితే మైనస్ చలిలో గడ్డకట్టి, ఉబ్బి, ఇంజిన్ బ్లాకునే చీల్చేస్తాయట. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే మైనస్ 35 దాకా గడ్డకట్టదట. మన ఊళ్ళో ఎండకు నీళ్ళతో బండి నడిచిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరన్నారు.

చెప్పి వెళ్ళిపోతే సరిపోయేది. ఆయన వెళ్ళలేదు. తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, పాత నీళ్ళన్నీ తీయించి, కొత్తది పోయించి, ఇంజిన్ వేడెక్కి గాలి బుడగలన్నీ బయటికి పోయేదాకా పక్కనే నిలబడ్డారు. చేతిలో ఆ క్లచ్ వైరు అలాగే ఉంది. "మీకు ఆలస్యమైపోతోంది బాబాయ్ గారూ" అంటే, "నాకేటి పనమ్మా, రిటైరైపోనాను" అన్నారు.

అప్పుడు తెలిసింది ఆయన ఎవరో. స్వస్థలం టెక్కలి వైపు, ఉండేది కంచరపాలెం. సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌వోలో డ్రైవరుగా చేశారు. అదీ శివాలిక్ ప్రాజెక్టులో, రిషీకేశ్ నుంచి బదరీనాథ్ వెళ్ళే ఆ రోడ్డు మీదే. చలికాలంలో మంచు తీసే బండ్ల మీద పనిచేశారు.

రెండు రోజుల తర్వాత ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద మా ఇంటికి వచ్చారు. రూళ్ళ కాగితాల మీద పెన్సిల్‌తో దారంతా రాసుకొచ్చారు. సాలూరు ఘాటు చీకటి పడకముందే దాటెయ్యాలి, లారీల వెనకాల తొందరపడొద్దు. ఒడిశాలోని కోరాపుట్, జైపూర్ మీదుగా రాయ్‌పూర్. అక్కణ్ణుంచి జబల్‌పూర్, సాగర్, ఝాన్సీ, ఆగ్రా. ఆగ్రా దాటాక పొద్దున్న బయల్దేరొద్దు, ఎండ వచ్చి పొగమంచు విడిచాకే కదలాలి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలంలో కార్ల వేగం 100 నుంచి 75కి ఊరికే తగ్గించరు అన్నారు. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ 250 కిలోమీటర్లే కదా అని ఫోను చూపించే టైమును నమ్మొద్దు, ఆ దూరానికి పగలంతా పెట్టుకోండి. ఎదురుగా పైకి ఎక్కే బండి వస్తే దిగేవాళ్ళే ఆగాలి. నీడ పడే మలుపుల్లో రోడ్డు తడిగా కనిపిస్తే అది తడి కాదు, మంచు పలక. బ్రేకు తొక్కొద్దు, ముందే గేరు తగ్గించండి.

మాది డీజిల్ బండి. మన వైపు నింపిన డీజిల్‌లోని మైనం గట్టి చలికి పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుందట. అందుకే ట్యాంకు బాగా తగ్గించుకుని వెళ్ళి, కొండెక్కే ముందు అక్కడి బంకులోనే నింపమన్నారు. గొలుసులు ఇంజిన్ తిప్పే చక్రాలకే కట్టాలి, మీ బండికి అవి ముందువి అని చూపించారు. ఔలి దారిలో వెనక చక్రాలకు గొలుసులు కట్టుకుని ముందు చక్రాలు జారిపోతున్న కార్లను కళ్ళారా చూశాను. బాబాయ్ గారు లేకపోతే మా బండీ వాటి వెనకాలే నిలబడేది.

కాగితాలతో పాటు ఒక గుడ్డసంచి కూడా తెచ్చారు. అందులో రెండు చెక్కలు, ఒక వైపు లావుగా, ఇంకో వైపు సన్నగా ఏటవాలుగా, ఆయనే చేతితో చెక్కినవి. రెండింటినీ కలుపుతూ నైలాను తాడు. రాత్రి చలిలో హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలితే అది పట్టేసి పొద్దున్న వదలదట. బండిని గేరులో ఉంచి, ఈ చెక్కలు చక్రం కింద పెట్టమన్నారు. తాడు ఎందుకంటే, పొద్దున్న తీయడం మర్చిపోకుండా ఆ కొసను అద్దానికి తగిలించడానికట. అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది మరీ తెచ్చారు. "గుంట చెయ్యి పెడద్ది గదా" అన్నారు, మా పాపనుద్దేశించి.

నేను లోపలికి వెళ్ళి కవర్లో కొంత డబ్బు పెట్టి తెచ్చాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కోపం కూడా రాలేదు. "నాను మంచు తీసిన రోడ్డమ్మా అది. మనూరోల్లు ఎవులూ ఆ రోడ్డు మీద ఎల్లగా నాను చూల్లేదు. మీరెల్లండి, అదే నాకు" అన్నారు. గేటు దగ్గర ఆయన స్కూటరు తిప్పుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. నా సొంత బాబాయిలు కూడా నా కోసం చెక్క ముక్క చెక్కి తేలేదు. నిష్ఠూరంగా అనడం లేదు, ఉన్న మాట.

ప్రతి రాత్రీ ఫోన్ చేశారు. చేరారా, తిన్నారా, చెక్కలు పెట్టారా. అంతే, పెట్టేసేవారు. జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడికి వెళ్ళకుండా పైకి ఎక్కొద్దని, అక్కడున్నది మన సింహాచలం అప్పన్నే అనుకోమని చెప్పారు. వెళ్ళాం. బదరీనాథ్ తలుపులు మూసే చలికాలంలో శంకరాచార్యుల గద్దెను తెచ్చి ఉంచేది ఆ గుడిలోనే.

మర్నాడు పొద్దున్న మా లాడ్జి ముందు పక్క కారు హ్యాండ్‌బ్రేక్ పట్టేసి కదల్లేదు. వాళ్ళు కెటిల్‌తో నీళ్ళు తెచ్చి పోస్తూ నిలబడ్డారు. మేం తాడు లాగాం, బయల్దేరాం. ఔలి ఎక్కాక ఆయనకు వీడియో కాల్ చేశాను. 7,816 మీటర్ల నందాదేవి కళ్ళ ముందు తెల్లగా నిలబడి ఉంది. అది చూపిద్దామని ఫోను తిప్పితే, "కొండ కాదమ్మా, రోడ్డు చూపించండి" అన్నారు. దారి పొడుగునా తీసిన వీడియోలన్నీ ఆ సాయంత్రం పంపాను. రాత్రి ఫోన్ చేసి, ఫలానా మలుపులో కొండవైపు రాతిగోడ ఇంకా ఉందే, మేం ఉన్నప్పుడు కట్టిందే అని చాలాసేపు మాట్లాడారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇక ఆ పక్కకు వెళ్ళలేనని మాత్రం ఒక్కసారి అన్నారు.

పాప స్కీయింగ్ నేర్చుకుంది. మొదట్లో పడటమే ఎక్కువ. స్కీల ముందు కొసలు దగ్గరకు తెచ్చి, మడమలు బయటికి నెట్టి ఆపడం వచ్చాక ఇక దింపడం మా వల్ల కాలేదు.

ఒక్క మాట మాత్రం చెప్పక తప్పదు. ఫాస్టాగ్‌లో డబ్బు నిండుగా ఉంది. అయినా ఛత్తీస్‌గఢ్ దాటాక ఒక టోల్ దగ్గర బ్లాక్‌లిస్ట్ అని చూపించింది. బండి ఫోటోలు మళ్ళీ పంపాలట, మా బ్యాంకు ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు. రాత్రి పూట, వెనక లారీల హారన్లు. అప్పటి రూలు ప్రకారం నగదు ఇస్తే టోల్ రెట్టింపు, 2025 నవంబరు 15 నుంచి యూపీఐ అయితే ఒకటింబావు రెట్లు. కట్టాం. అక్కడి నుంచి ప్రతి టోల్‌కీ అదే టెన్షన్. హెల్ప్‌లైన్‌కు చేస్తే పాటలు వినిపించారు గానీ మనిషి మాట్లాడలేదు. తప్పు వాళ్ళది, జరిమానా మాకు. కొండ రోడ్డు సంగతీ అంతే. మంచు పడితే దారి తెరిచి ఉందో లేదో ఖచ్చితంగా చెప్పే నంబరు ఒక్కటీ మాకు దొరకలేదు, టీ కొట్టు వాళ్ళనే అడుగుతూ వెళ్ళాం. 2023 జనవరిలో జోషీమఠ్ ఇళ్ళు బీటలు వారినప్పుడు ఆపిన, అక్కడి నుంచి ఔలికి వెళ్ళే రోప్‌వే మేం వెళ్ళేసరికీ నడవడం లేదు. అందుకే అందరూ ఆ జారుడు రోడ్డు మీదే. ఒక రిటైరైన డ్రైవరు పెన్సిల్‌తో రాసిచ్చినంత కూడా ఇన్ని శాఖలు కలిసి చెప్పలేవా?

మా వారు, మా తమ్ముడు వంతులేసుకుని నడిపారు. అత్తయ్య గారు ఇల్లు చూసుకున్నారు. వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

బాబాయ్ గారూ, మీరు ఇవి చూడరని తెలుసు. మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు. ఈ ఆదివారం మేమే వస్తున్నాం, పిన్ని గారికీ మీకూ మోకాళ్ళ పట్టీలు, మీకు జోషీమఠ్ నుంచి ఉన్ని టోపీ తెచ్చాం. వద్దనకండి.

అయ్యో, కర్ణప్రయాగలో మందుల కొట్టాయన పేరు కూడా అడగలేదు. పాపకు వాంతులైతే మాత్రలిచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వేడినీళ్ళిచ్చారు. ఆయనకు కోటి దండాలు.

రాయ్‌పూర్‌లో బండి టైరు మార్చడానికి చెయ్యి వేసిన తెలుగు రైల్వే ఉద్యోగికి, మూడు జాకెట్లు ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చిన మా కొలీగ్‌కి కూడా.

పక్కింటి ఆంటీ, రోజూ తులసి కోటకు నీళ్ళు పోశారు, పిల్లికి పాలు కూడా పెట్టారట. ఇప్పుడే తెలిసింది. థాంక్స్ ఆంటీ, గిన్నె రేపు పంపిస్తాను.