నర్సమ్మగారికి దండాలతో

మా అమ్మ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరిగేది) జనవరిలో 2.1 ఉంది. మొన్న చేయించిన పరీక్షలో 1.2 వచ్చింది. ఇందుకు కారణమైన మనిషికి నలుగురి ముందు దండం పెట్టాలని రాస్తున్నాను. ఆవిడ తన పేరు రాయవద్దన్నారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. బిట్రగుంటలో మా వీధంతా నర్సమ్మగారనే పిలుస్తుంది.

అమ్మకు ఎనిమిదేళ్లుగా బీపీ. ఏడాది నుంచి మోతాదు పెంచినా అదుపులోకి రాలేదు, పైగా కాళ్ల వాపు. నెల్లూరులో డాక్టరుగారు వెళ్లినప్పుడల్లా "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని అడిగేవారు. "లేదు బాబూ, మీరు రాసిందే" అనేది అమ్మ. పక్కన కూర్చుని నేనూ తలూపేదాన్ని.

ఒక సాయంత్రం నర్సమ్మగారు వచ్చి చాప పరిచి, "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెచ్చి ఇక్కడ పోయవే" అన్నారు. బీపీ మాత్రలు రెండు పేర్లతో ఉన్నాయి. పోపుల డబ్బా వెనకాల సగం వాడిన డైక్లోఫెనాక్ షీటు దొరికింది. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని ఏడాదిగా రోజూ రాత్రి వేసుకుంటోందట! అమ్మ అబద్ధమేమీ చెప్పలేదు. ఆమె లెక్కలో డాక్టరు రాసిస్తేనే మందు. కొట్లో కొన్నది నొప్పి బిళ్ళ.

నర్సమ్మగారు అన్నింటినీ ఒక కవరులో వేయించారు. ఒక కాగితం మీద మూడు సంగతులు రాయించారు: వాపు ఎప్పటి నుంచి, ఏం తింటోంది, ఏం మింగుతోంది. ఈ కాగితం లేకపోతే మా అమ్మ సంక్రాంతికి పిన్ని వాళ్లు వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టేది. ఓపీలో మన వెనక ముప్పై మంది ఉంటే డాక్టరు మాత్రం ఎంతసేపు వింటారు! "ఆవకాయ మానేశానని మాత్రం చెప్పకు, రోజూ కలుపుకుంటున్నావుగా" అని అమ్మకు వేరే హెచ్చరిక.

కవరు బల్ల మీద బోర్లించగానే డాక్టరుగారి ముఖం మారింది. బీపీ మాత్రల పేర్లు రెండైనా లోపలి మందు ఒకటే, అమ్లోడిపిన్. పాత చీటీదీ కొత్త చీటీదీ కలిపి రెండూ వేసుకుంటోంది. మోతాదు ఎక్కువైతే ఆ మందుకే కాళ్లు వాస్తాయట. ఇక నొప్పి బిళ్ళ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవేసి బీపీని పెంచుతుంది, కిడ్నీకి రక్తం సరిగా అందనివ్వదు. కోప్పడతారని భయపడ్డాం. ఆయన కోప్పడలేదు, "ఇది ముందే తెలిసుంటే మందు పెంచేవాడినే కాదమ్మా" అన్నారు. ఓపికగా విడమరచి చెప్పినందుకు ఆయనకూ కృతజ్ఞతలు.

లేచే ముందు, నర్సమ్మగారు నేర్పినట్టే, నాకు అర్థమైంది ఆయనకు తిరిగి అప్పజెప్పాను. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్నాను. "రాత్రి వద్దు, పొద్దున ఒక్కటే" అని సరిదిద్దారు. అడగకుండా వచ్చేసి ఉంటే మళ్లీ రెండూ వేసేదాన్ని.

ఇప్పుడు ఆ కవరు అమ్మ చేతిసంచిలోనే ఉంటోంది. మోకాళ్లకు వ్యాయామం, కాపడం. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఆ సంగతి డాక్టరుగారితోనే చెబుతోంది.

నర్సమ్మగారు చీర పెడితే తీసుకోలేదు. నెల్లూరు నుంచి తెచ్చిన మలై కాజా ఇస్తే, షుగరుందే అంటూనే రెండు తిన్నారు. వాళ్ల డాక్టరుగారితో చెప్పారో లేదో, వచ్చే ఆదివారం అడుగుతాను.