పాత కార్ల ముందు హబ్ పనికి ఇకపై రెండు రేట్లు

పదిహేనేళ్లు దాటిన కారుకు ముందు చక్రం హబ్ (చక్రాన్ని బిగించే, బేరింగ్ మీద తిరిగే లోహపు ముక్క) పని పడితే ఇకమీదట ఎస్టిమేట్‌లో రెండు అంకెలు రాసి ఇస్తాం: హబ్ మామూలుగా ఊడితే ఇంత, పట్టేసి ఉంటే ఇంత. బండి ఆ రోజే ఇస్తామని మాట కూడా ఇవ్వం. "మార్చేది బేరింగ్ ఒక్కటేగా, ఇంత తేడా ఏంటండీ?" అని అడుగుతున్నారు. అడగాల్సిందే.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే) బండిలో హబ్ రెండు చోట్ల పట్టేస్తుంది. చక్రాన్ని తిప్పే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్, చివర ఉన్న పళ్లు హబ్ లోపలి పళ్లలో కూర్చుంటాయి, అక్కడ తుప్పు పడితే రెండూ ఒకటైపోతాయి. రెండోది, హబ్ మెడ బేరింగ్ లోపలి రింగులోకి ప్రెస్‌తో (గట్టిగా నొక్కే యంత్రంతో) దిగిన చోటు. చెన్నైలో ఈ తుప్పు ఎక్కువ. తిరువాన్మియూర్, రాయపురం వైపు బళ్లకు ఉప్పుగాలి చాలు. 2015 వరదల్లో, 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానులో చక్రాలు మునిగేదాకా నీళ్లలో నిలబడిన బళ్లయితే లోపలేముందో ఊడదీసేదాకా తెలియదు.

అందుకే పట్టేసి ఉంటుందని అనుమానం ఉన్న బండిని ముందురోజు సాయంత్రమే తెమ్మంటున్నాం. చక్రం నేల మీద ఉండగానే షాఫ్ట్ చివరన బిగించిన యాక్సిల్ నట్టు వదులు చేస్తాం. దానికంటే ముందు, షాఫ్ట్ గాడిలోకి కొట్టి నొక్కిన నట్టు అంచును సన్న ఉలితో పైకి లేపాలి. అది లేపకుండా తిప్పితే షాఫ్ట్ మరలు చెడతాయి. తర్వాత పళ్లలోకి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేస్తాం.

పొద్దున నట్టును షాఫ్ట్ చివరకు సమానంగా ఎక్కించి, ఇత్తడి కడ్డీ పెట్టి రెండు మూడు గట్టి దెబ్బలు. కదిలిందా, సరే. కదలకపోతే అక్కడితో సుత్తి పక్కన పెట్టేస్తాం. ఇంకా కొడితే షాఫ్ట్ చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, నట్టు మళ్లీ ఎక్కదు. ఆ దెబ్బ షాఫ్ట్ జాయింట్లకూ తగులుతుంది. బేరింగ్ ఖర్చు కాస్తా షాఫ్ట్ ఖర్చవుతుంది. చక్రం బోల్టులకు ఫ్లాంజ్ పుల్లర్ బిగించి, నడిమి స్క్రూతో షాఫ్ట్‌ను లోపలికి నెట్టడమే సరైన దారి. స్క్రూ బాగా బిగిశాక దాని తల మీద ఒక్క దెబ్బ వేస్తే "టక్" మని వదులుతుంది. మళ్లీ బిగించడం, మళ్లీ ఒక దెబ్బ. ఓపిక పని, మజూరీ తేడా అక్కడే.

గ్యాస్ మంట ఎందుకు పెట్టరని కొందరు అడుగుతారు. బండి మీద ఉండగా పెడితే షాఫ్ట్ జాయింటును కప్పే రబ్బరు బూటు, సీళ్లు కాలిపోతాయి, లోపలి గ్రీజు కరిగి కారిపోతుంది. అందుకే పెట్టం.

షాఫ్ట్ వదిలాక నకిల్ (బేరింగును, హబ్‌ను మోసే భాగం) విప్పి ప్రెస్ మీద పెడతాం. హబ్‌ను నెట్టగానే బేరింగ్ లోపలి రింగులో సగం హబ్‌కే అంటుకుని బయటికి వస్తుంది, బేరింగ్ విడిపోతుంది. కాబట్టి "బేరింగ్ బాగానే ఉంది, అదే వేసేయండి" అంటే కుదరదు, హబ్ తీశామంటే కొత్త బేరింగ్ తప్పదు. దాంతోపాటు సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా పట్టే స్ప్రింగు రింగు), యాక్సిల్ నట్టు కూడా కొత్తవే. పాత సర్‌క్లిప్ చెవులు తుప్పుకు విరిగి చేతికొస్తుంటాయి. హబ్ మెడ మీద మిగిలిన రింగును గ్రైండర్‌తో మందంలో ముక్కాలు వంతు కోసి ఉలితో పగలగొడతాం. పూర్తిగా కోస్తే మెడ మీద గాటు పడుతుంది. కొత్త రింగు ఆ మెడ మీదకి చేత్తోనే జారిపోతే హబ్ అరిగిందని అర్థం, దాన్నీ మార్చాలి.

కొత్త బేరింగ్ నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. హబ్ దించేటప్పుడు లోపలి రింగుకు కింద ఆనిక ఉండాలి. ఇది తారుమారైతే ఒత్తిడంతా గుండ్ల మీద పడి రింగుల్లో సన్న గుంటలు పడతాయి, మొదటి రోజు నుంచే హమ్మింగ్. తప్పు బిగింపుది, నింద మాత్రం "డూప్లికేట్ బేరింగ్" మీద. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో ఇంకొకటి: చాలా బేరింగులకు ఒక పక్క అయస్కాంత రింగు ఉంటుంది, అది చక్రం వేగం చూసే సెన్సర్ వైపే తిరిగి ఉండాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే రెంచ్‌తో), ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన లెక్కకే. ఇంపాక్ట్ గన్‌తో కాదు. నకిల్ విప్పాం కాబట్టి చక్రాల అలైన్‌మెంట్ కూడా బిల్లులో ఉంటుంది.

అసలు బేరింగేనా అన్నది ముందు చూసుకోండి. వేగంతో పెరిగే హోరు, స్టీరింగ్ ఎడమకు తిప్పినప్పుడు ఎక్కువైతే కుడి చక్రం మీద, కుడికి తిప్పినప్పుడు ఎక్కువైతే ఎడమ చక్రం మీద అనుమానం. టైరు అరుగుదల కూడా ఇలాగే మోగుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చి చూస్తే తేలిపోతుంది, ఆ పనికి హబ్ మజూరీ పడదు.

నకిల్ పాడైతే పాత విడిభాగాల బజారు పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌ది తెచ్చినా వేస్తాం, పగుళ్లు లేవని చూసుకుని. సెకండ్ హ్యాండ్ బేరింగ్ మాత్రం వేయం. ఈ పనికి శనివారం సాయంత్రం రాకండి. మధ్యలో ఏదైనా విడిభాగం కావాల్సొస్తే దుకాణాలు తెరిచేదాకా మీ బండి జాకీ మీదే ఉండిపోతుంది.